బ్యాగ్ ఫిల్టర్ ఉన్నా ట్రాన్స్‌ఫర్ పాయింట్ దగ్గర బొగ్గు దుమ్ము ఎందుకు ఆగదు?

మీ ప్రశ్న ఇదీ: గంటకు 1,000 టన్నులు నడిచే కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్. బొగ్గు ఒక బెల్ట్ నుంచి ఇంకో బెల్ట్ మీదికి పడే ప్రతి ట్రాన్స్‌ఫర్ పాయింట్‌కీ బ్యాగ్ ఫిల్టర్ (దుమ్ము గాలిని గుడ్డ సంచులతో వడకట్టేది) ఉంది, బొగ్గు కిందికి జారే దారులైన చ్యూట్‌ల మీద నీళ్ల స్ప్రేలు కూడా ఉన్నాయి. అయినా ఈ పాయింట్లుండే జంక్షన్ టవర్లలో, బొగ్గు నలిపే క్రషర్ హౌస్‌లో ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడడం లేదు. ఫ్యాన్ పెద్దది వేయమని కొందరు, స్ప్రేలు పెంచమని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

నన్నడిగితే ఈ రెండూ కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను. మీ చ్యూట్‌లలోకి గాలి ఎంత పోతోందో, ఎక్కడి నుంచి పోతోందో ముందు చూడండి. బొగ్గు తనంతట తాను దుమ్ము రేపదు. దానితో పాటు కిందికి వచ్చిన గాలి బయటికి పోతూ పొడిని మోసుకుపోతుంది. ఆ గాలిని తగ్గించకుండా ఫ్యాన్ పెంచితే పెరిగేది కరెంటు ఖర్చే.

చిన్న లెక్క చూడండి. గంటకు 1,000 టన్నుల బొగ్గు అంటే సుమారు 1,250 ఘనపు మీటర్లు. అంత బొగ్గు చ్యూట్‌లో చేరాలంటే అంతే గాలి బయటికి రావాలి. ఇది పెద్ద లెక్క కాదు, ఏ ఫిల్టరైనా సులభంగా లాగేస్తుంది. అసలు సమస్య బొగ్గు పడుతూ తనతో లాక్కొచ్చే గాలి. దీన్ని అంచనా వేయడానికి కన్వేయర్ డిజైన్‌లో ఎప్పటినుంచో వాడుతున్న సూత్రం ఒకటుంది. అందులో ఉండేవి నాలుగే: పైన గాలి దూరే సందు వైశాల్యం, గంటకు టన్నులు, పడే ఎత్తు, బొగ్గు ముక్కల సగటు సైజు. మీ 1,000 టన్నులకు 10 మీటర్ల ఎత్తు, 20 మిల్లీమీటర్ల ముక్కలు, హెడ్ చ్యూట్ (పై బెల్ట్ బొగ్గు వదిలే చివర ఉండే చ్యూట్) ముందు 0.7 చదరపు మీటర్ల సందు అనుకుంటే గంటకు దాదాపు 33,000 ఘనపు మీటర్ల గాలి వస్తుంది. అంటే బొగ్గు తోసేసే గాలికి 25 రెట్లకు పైనే. అదే సందును 0.2 చదరపు మీటర్లకు తగ్గిస్తే ఆ గాలి 10,000 లోపుకి దిగిపోతుంది. ఫ్యాన్ మీద, మోటార్ మీద చెయ్యి వేయలేదు. రబ్బర్ కర్టెన్, నాలుగు రేకు ముక్కలు, అంతే.

ఈ సూత్రంలో గమనించాల్సింది ఇంకోటి ఉంది. సందు సగమైతే గాలి కచ్చితంగా సగమవుతుంది. ఎత్తు సగమైతే మాత్రం గాలి 63 శాతం దగ్గరే ఆగిపోతుంది. ముక్కలు సన్నబడితే గాలి పెరుగుతుంది, అందుకే క్రషర్ తర్వాతి పాయింట్లు ముందువాటికంటే ఎప్పుడూ ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఈ నాలుగింటిలో టవర్ ఎత్తు మార్చలేం, టన్నులు తగ్గించలేం, బొగ్గు సైజు బాయిలర్ వాళ్లది. మన చేతిలో ఉన్నది సందు ఒక్కటే.

కాబట్టి రేపు బెల్ట్ లోడ్ మీద ఉన్నప్పుడు ఒక పని చేయండి. జానెడు పొడవు పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్‌ని కర్ర చివర కట్టి, గార్డుల బయటి నుంచే, హెడ్ చ్యూట్ ముందు భాగం దగ్గర పట్టుకోండి. తర్వాత ఇన్‌స్పెక్షన్ డోర్ల అంచుల దగ్గర, చ్యూట్ అతుకుల దగ్గర, కింది బెల్ట్ స్కర్ట్ (బొగ్గు పడే చోట బెల్ట్ మీద కట్టే పెట్టె, దాని అంచుల రబ్బర్) చివర, టెయిల్ (బెల్ట్ మొదలయ్యే చివర) వైపు. రిబ్బన్ లోపలికి లాగబడే చోట్లు గాలికి దారులు. బయటికి ఎగిరే చోట్లు దుమ్ముకి దారులు. రెండు రంగుల చాక్‌తో అక్కడే గుర్తు పెట్టండి. అరగంటలో ఒక టవర్ అయిపోతుంది. చాలా ప్లాంట్లలో తేలేది ఇదే: దుమ్ము కింద కనిపిస్తుంది, అందరూ కిందే కుస్తీ పడుతుంటారు, మూయాల్సింది మాత్రం పైన ఉంటుంది. పైన గాలి లోపలికే పోతుంది కాబట్టి అక్కడ శుభ్రంగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

పైన మూయాల్సినవి మూడు. బొగ్గు లోపలికి వచ్చే వైపు, లోడ్ ఎత్తుకి కాస్త పైదాకా వేలాడే రబ్బర్ కర్టెన్. బొగ్గు వదిలేసి ఖాళీగా వెనక్కి తిరిగే రిటర్న్ బెల్ట్ బయటికి వచ్చే చోటు. ఇక ఇన్‌స్పెక్షన్ డోర్. చ్యూట్ జామ్ అయిందేమోనని తెరిచి చూస్తారు, మూయడం ఎవరి డ్యూటీ కాదు. బోల్టులున్న డోర్ అయితే రెండోసారి తెరిచాక నాలుగు బోల్టుల్లో ఒకటే మిగులుతుంది. రబ్బర్ గ్యాస్కెట్‌తో, చేత్తో తిప్పి బిగించే లాచ్ పెట్టండి. తెరవడం ఎంత తేలికో మూయడమూ అంత తేలికైతేనే మూస్తారు.

తర్వాత చ్యూట్ లోపలి సంగతి. 10 మీటర్లు అడ్డూ ఆపూ లేకుండా పడితే బొగ్గు కింది బెల్ట్‌ని సెకనుకు 14 మీటర్ల వేగంతో తాకుతుంది. ముక్కలు విరిగి కొత్త పొడి పుడుతుంది, ఉన్న పొడి పైకి లేస్తుంది. బొగ్గు విడివిడిగా చెదిరి పడకుండా, ఒకే ధారగా జారి, కింది బెల్ట్ నడిచే దిశలో, దాని వేగానికి దగ్గరగా దిగేలా వంపు తిరిగిన ప్లేట్లు పెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైన హుడ్, కింద స్పూన్ అంటారు వీటిని. అయితే జాగ్రత్త: మీ బొగ్గు వానాకాలంలో జిగటగా తయారయ్యేదైతే, స్పూన్ వాలు తక్కువైతే అక్కడే అంటుకుని చ్యూట్ బిగుసుకుపోతుంది. పొడి బొగ్గుతో ట్రయల్ చూసి ఆర్డర్ ఇవ్వకండి. మీకు వచ్చే అత్యంత చెడ్డ తడి బొగ్గుని శాంపిల్‌గా ఇచ్చి, దాని మీద డిజైన్ చేయమనండి.

స్కర్ట్ దగ్గర అందరూ చేసేది ఒకటుంది. దుమ్ము వస్తోందని స్కర్ట్ రబ్బర్‌ని బెల్ట్ మీదకి ఇంకాస్త నొక్కి బిగిస్తారు. కొన్ని వారాల్లో బెల్ట్ కవర్ మీద అంచు వెంట గాడి పడుతుంది, ఆ గాడిలోంచి మళ్లీ పొడి కారుతుంది. ఇంకొందరు పాత బెల్ట్‌ని కోసి స్కర్ట్‌గా వాడతారు. అందులో ఇరుక్కున్న రాళ్లూ, తేలిన దారాలూ కొత్త బెల్ట్‌ని కోసేస్తాయి. ఆదా చేసింది రబ్బర్ పట్టీ, పోయేది బెల్ట్. అసలు లోపం సాధారణంగా రబ్బర్‌లో ఉండదు, బెల్ట్ రోలర్ల మధ్య కుంగుతుండడంలో ఉంటుంది. బెల్ట్ పైకీ కిందికీ ఊగుతుంటే ఏ రబ్బరైనా సందు వదలాల్సిందే. లోడింగ్ జోన్‌లో రోలర్లను దగ్గర దగ్గరగా వేయండి, బొగ్గు పడే చోట ఇంపాక్ట్ బెడ్ (దెబ్బ ఓర్చుకునే రబ్బర్ దిమ్మెలు), దాని తర్వాత అంచుల కింద స్లైడర్ బార్లు (బెల్ట్ జారే నున్నటి పట్టీలు) పెట్టండి. బెల్ట్ సమంగా నడిచాక రబ్బర్ ఊరికే ఆనితే చాలు. లోపలి వేర్ లైనర్ (అరుగుదల ఓర్చే ప్లేటు) కింది అంచుకీ బెల్ట్‌కీ మధ్య సందు బెల్ట్ నడిచే దిశలో క్రమంగా పెరగాలి. తగ్గితే ముక్కలు ఇరుక్కుంటాయి.

స్కర్ట్ పొడవుకి మామూలుగా చెప్పే లెక్క, బెల్ట్ వేగం సెకనుకు 1 మీటర్‌కి కనీసం 1.2 మీటర్లు. ఇది ముక్కలు నిలదొక్కుకోవడానికి సరిపోతుంది, పొడికి సరిపోదు. పొడి కిందికి దిగాలంటే స్కర్ట్ పెట్టె లోపల గాలి వేగం సెకనుకు 1 మీటర్ దగ్గరికి రావాలి. అందుకు పెట్టె పొడవే కాదు, ఎత్తు కూడా కావాలి. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న పెట్టెని 600కి పెంచితే అదే గాలి సగం వేగంతో పోతుంది. లోపల రెండు మూడు చోట్ల కర్టెన్లు వేయండి. చివరి కర్టెన్‌ని పెట్టె అంచున వేలాడదీయకుండా కనీసం అడుగు లోపలికి పెట్టండి, దాన్ని దాటిన పొడి ఇంకా పెట్టెలోనే పడుతుంది.

ఇక టవర్ కింద కుప్పలు ఎక్కడ పడుతున్నాయో చూసే అలవాటు చేసుకోండి, కారణం అవే చెప్తాయి. స్కర్ట్ పక్కన, టెయిల్ పుల్లీ దగ్గర గుట్ట ఉంటే అది సీలింగ్ లోపం. రిటర్న్ రోలర్ల కింద, ఒక్కో రోలర్‌కి ఒక్కో చిన్న గుట్ట వరసగా కనిపిస్తే అది స్క్రేపర్ (బెల్ట్‌ని గీకి శుభ్రం చేసే బ్లేడ్) లోపం: బెల్ట్‌కి అంటుకుని వెనక్కి వెళ్లిన తడి పొడి ఆరి, రోలర్ తగిలినప్పుడల్లా రాలుతోంది. బీమ్‌ల మీద, కేబుల్ ట్రేల మీద, లైట్ల నెత్తిన సన్నటి పొర సమంగా పేరుకుంటే అది గాలిలో తేలి వచ్చింది, చ్యూట్ గాలి సంగతి చూడాలి. రెండో రకానికి, అంటే స్క్రేపర్ లోపానికి, ఎన్ని బ్యాగ్ ఫిల్టర్లు పెట్టినా ఉపయోగం లేదు. హెడ్ పుల్లీ (బొగ్గు వదిలే చివర బెల్ట్ తిరిగే చక్రం) ముఖం మీద పాలీయురేథేన్ బ్లేడ్, పుల్లీ దాటిన వెంటనే టంగ్‌స్టన్ కార్బైడ్ అంచున్న రెండో స్క్రేపర్, ఈ రెండూ టెన్షన్‌తో ఆని ఉండాలి. బ్లేడ్ మధ్యలో అరిగి అంచులు నిలబడి ఉంటే బెల్ట్ మధ్య భాగం మురికిగానే తిరుగుతోందని అర్థం. స్క్రేపర్ గీకిన పొడి చ్యూట్‌లోకే పడుతోందో, బయట ప్లాట్‌ఫామ్ మీద పడుతోందో కూడా చూడండి. విడ్డూరంగా అనిపించినా, బయట పడేలా బిగించినవి చాలానే ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక బ్యాగ్ ఫిల్టర్ దగ్గరికి వద్దాం. కొత్త ఫ్యాన్ అడిగే ముందు, దుమ్ము గాలిని ఫిల్టర్‌కి తీసుకెళ్లే డక్ట్‌లో గాలి వేగం కొలిపించండి. బొగ్గు పొడి డక్ట్‌లో కూర్చోకుండా పోవాలంటే సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగం ఉండాలి. అది లేకపోతే అడ్డంగా ఉన్న భాగాల్లో పొడి పేరుకుంటుంది, సగం డక్ట్ మూసుకుపోతుంది, అందరూ ఫ్యాన్‌ని తిడతారు. డక్ట్ మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టి శబ్దం వినండి, నిండిన చోట మోత మొద్దుగా ఉంటుంది. సక్షన్ హుడ్ (దుమ్ము గాలిని పీల్చే మూతి) ముఖం దగ్గర మాత్రం వేగం తక్కువ ఉండాలి, సెకనుకు 1 మీటర్‌కి కాస్త అటూ ఇటూ. అక్కడ ఎక్కువైతే దుమ్ముతో పాటు మంచి బొగ్గునీ లాగి ఫిల్టర్ నింపుతుంది. బొగ్గు పడే చోటికి నేరుగా పైన సక్షన్ హుడ్ పెట్టడం ఈ కారణంగానే తప్పు. కాస్త దూరంలో, పొడి కొంత దిగాక పెట్టాలి.

మధ్యలో ఎవరో కొత్త పాయింట్‌కి ఒక బ్రాంచ్ డక్ట్ కలిపి ఉంటే అది మిగతావాటి గాలిని దొంగిలిస్తుంది. డ్యాంపర్లు (డక్ట్‌లో గాలిని తగ్గించే, పెంచే పలకలు) ఒకసారి బ్యాలెన్స్ చేశాక వెల్డ్ చుక్క పెట్టి కదలకుండా చేయండి, లేకపోతే ప్రతి షిఫ్టూ తన టవర్ వైపు తిప్పుకుంటుంది. బ్యాగ్‌ల మీద ప్రెషర్ తేడా 100 నుంచి 150 మిల్లీమీటర్ల నీటి మట్టం దగ్గర ఉంటే మామూలు. బాగా పెరిగితే బ్యాగ్‌లు మూసుకుపోయాయి. ఒక్కసారిగా పడిపోతే సంతోషించకండి, బ్యాగ్ చిరిగిందో డక్ట్ మూసుకుపోయిందో అయి ఉంటుంది. ఫిల్టర్ హాప్పర్ (పొడి చేరే గరాటు) కింద, గాలిని రానీయకుండా పొడిని వదిలే రోటరీ వాల్వ్ అరిగిపోయినా ఫిల్టర్ పని సగం పోతుంది. ఫ్యాన్ ఆ దారిన బయటి గాలిని పీలుస్తుంది, కింద పడ్డ పొడి మళ్లీ లేచి బ్యాగ్‌లకే అంటుకుంటుంది. అన్నట్టు, ఫిల్టర్ పట్టిన పొడిని మళ్లీ బెల్ట్ మీద వదులుతున్నారు కదా? అది తెరిచి ఉన్న బెల్ట్ మీద పడితే తర్వాతి టవర్‌లో అదే పొడిని ఇంకోసారి పడతారు. స్కర్ట్ లోపలే, బొగ్గు ధార కిందికి పోయేలా వదలండి.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఒకటే: ఒకే పాయింట్‌లో స్ప్రే, బ్యాగ్ ఫిల్టర్ రెండూ నడుపుతున్నారు. తడిసిన పొడి బ్యాగ్ గుడ్డ మీద పేస్ట్‌లా పట్టేస్తుంది, బ్యాగ్‌లు దులపడానికి కొట్టే పల్స్ గాలి దాన్ని రాల్చలేదు. పాయింట్‌కి ఏదో ఒకటే ఉంచండి.

నీళ్ల విషయంలో ఆశ తగ్గించుకోవాలి. మామూలు నాజిల్ చుక్క 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మించి ఉంటుంది. 5 మైక్రాన్ల పొడి రేణువు దాని మీదికి వచ్చేసరికి చుక్క చుట్టూ తిరిగే గాలితో పాటు పక్కకి జారిపోతుంది. చుక్క, రేణువు దాదాపు ఒకే సైజులో ఉంటేనే ఢీకొంటాయి, అందుకే డ్రై ఫాగ్ సిస్టమ్ 1 నుంచి 10 మైక్రాన్ల చుక్కలు తయారు చేస్తుంది. దానికి కంప్రెస్డ్ ఎయిర్ కావాలి, శుభ్రమైన నీళ్లు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా మూసిన చోటు కావాలి. గాలి కొట్టే చోట ఆ పొగమంచు అలా కొట్టుకుపోతుంది. పైగా బొగ్గు ఉపరితలం నీటిని సులభంగా పట్టుకోదు, తడవడానికి సర్ఫాక్టెంట్ (సబ్బులా నీటిని పరుచుకునేలా చేసే పదార్థం) కలిపితే తక్కువ నీళ్లతో పని జరుగుతుంది. మామూలు స్ప్రేకి సరైన చోటు దుమ్ము లేచిన తర్వాత కాదు, బొగ్గు ఇంకా పడకముందు, ధార విచ్చుకునే హెడ్ పుల్లీ దగ్గర. బెల్ట్ మీద బొగ్గు లేనప్పుడు స్ప్రే ఆగిపోయేలా ఇంటర్‌లాక్ తప్పనిసరి. ఖాళీ బెల్ట్ తడిస్తే బురద, జారుడు, రిటర్న్ రోలర్ల కింద గుట్టలు.

నీళ్లు ఊరికే రావు కూడా. గంటకు 500 టన్నులు కాల్చే చోట తేమ 1 శాతం పెంచితే 5 టన్నుల నీటిని బాయిలర్ ఆవిరి చేయాలి. కిలోకి 4,000 కిలో క్యాలరీల బొగ్గైతే అందుకు గంటకు ముప్పావు టన్నుకి పైగా బొగ్గు ఖర్చు. బొగ్గుని పొడి చేసే మిల్లుల దగ్గర చ్యూట్‌లు బిగుసుకోవడం దీనికి అదనం.

క్రషర్ హౌస్ వేరే కేసు. రింగ్ గ్రాన్యులేటర్ (బొగ్గు నలిపే యంత్రం) రోటర్ తిరుగుతుంటే ఫ్యాన్‌లాగే గాలి తోస్తుంది, బొగ్గు లేకపోయినా తోస్తుంది. అందుకే క్రషర్ కింది బెల్ట్ స్కర్ట్‌ని మిగతావాటికంటే పొడవుగా, ఎత్తుగా కట్టాలి, సక్షన్ కూడా అక్కడే ఎక్కువ ఉండాలి. క్రషర్ పై చ్యూట్‌లోకి తిరిగి ఎగదన్నే గాలికి ఇన్‌లెట్‌లో ఫ్లాప్ పెట్టండి. ఖాళీగా తిప్పే సమయం తగ్గించినా కొంత మేలు.

వ్యాగన్ టిప్లర్ (రైలు వ్యాగన్‌ని బోర్లించే యంత్రం) దగ్గర ఒక వ్యాగన్ బొగ్గు కొన్ని సెకన్లలో పడితే అంతే పరిమాణంలో గాలి హాప్పర్‌లోంచి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంత గాలిని లాగాలంటే ఫిల్టర్ ఇల్లంత కావాలి. అక్కడ షెడ్‌ని మూసి, హాప్పర్ చుట్టూ ఫాగ్ పెట్టడమే దారి. స్టాక్‌యార్డ్‌లో స్టాకర్ (బొగ్గు కుప్ప పోసే యంత్రం) బూమ్‌ని కుప్ప శిఖరానికి వీలైనంత దగ్గరగా దించి పోయించండి. బంకర్ (బాయిలర్ కోసం బొగ్గు నిల్వ ఉంచే తొట్టి) మీద ట్రిప్పర్ (బొగ్గుని తొట్లలోకి పోసే కదిలే బండి) వెళ్లే పొడవాటి సందుకి రబ్బర్ సీలింగ్ బెల్ట్ వేయకుండా ఎంత సక్షన్ పెట్టినా వృథానే.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మీ ప్రశ్నలో దీని ప్రస్తావన లేదు, నాకు అదే ఎక్కువ ఆందోళన. గాలిలో ఘనపు మీటర్‌కి సుమారు 60 గ్రాముల బొగ్గు పొడి కలిస్తే చాలు, పేలడానికి సిద్ధం. 0.8 మిల్లీమీటర్ల మందం పొర చూడ్డానికి ఏమీ కాదు. పొడి సాంద్రత ఘనపు మీటర్‌కి 600 కిలోలనుకుంటే ఆ పొరలో చదరపు మీటర్‌కి 480 గ్రాములుంటుంది. 5 మీటర్ల ఎత్తున్న గదిలో అది లేస్తే ఘనపు మీటర్‌కి 96 గ్రాములు. మొదటి చిన్న పేలుడు ఎక్కడో జరుగుతుంది, దాని ఊపుకి బీమ్‌ల మీద పొర అంతా లేస్తుంది, రెండో పేలుడు భవనాన్ని తీసుకుపోతుంది. 1999 ఫిబ్రవరి 1న అమెరికాలో ఫోర్డ్ కంపెనీ రివర్ రూజ్ పవర్‌హౌస్‌లో బాయిలర్‌లో చేరిన సహజ వాయువు పేలింది, దాని వెంట పేరుకున్న బొగ్గు పొడి కూడా పేలింది. ఆరుగురు చనిపోయారు.

అందుకని కంప్రెస్డ్ ఎయిర్ గొట్టంతో బీమ్‌లు ఊదడం ఈ రోజే ఆపించండి. పొడి పేలుడు వాతావరణానికి ఆమోదించిన వాక్యూమ్ వాడాలి, లేకపోతే కేబుళ్లూ ప్యానెళ్లూ చూసుకుని నీళ్లతో కడగాలి. ఇరుక్కుపోయి తిరగని రోలర్, పక్కకి జరిగి ఫ్రేమ్‌కి రాసుకునే బెల్ట్, ఈ రెండూ నిప్పుకి మూలాలు, దుమ్ము రిపోర్టులో వీటినీ రాయండి. బంకర్‌లో బొగ్గు రాజుకుంటే హోస్‌తో సూటిగా ధార కొట్టకూడదు, ఆ దెబ్బకి పొడి లేస్తుంది. సర్ఫాక్టెంట్ కలిపిన నీటిని మెల్లగా పైనుంచి వదలాలి, అదీ శిక్షణ ఉన్నవాళ్లే.

మనుషుల ఊపిరితిత్తుల మాటకొస్తే, కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో సెకనుకు 4 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది, 10 మీటర్లు దిగడానికి 40 నిమిషాలు. అంతకంటే సన్నటిది షిఫ్టంతా గాలిలోనే ఉంటుంది, లోపలిదాకా పోయేది అదే. దుమ్ము తగ్గిందని కంటితో చూసి తేల్చకండి, ఆపరేటర్ కాలర్‌కి పెట్టే శాంప్లర్‌తో కొలిపించండి. అప్పటిదాకా రుమాలు కట్టుకోవడం కాదు, ఎన్95 స్థాయి మాస్కులు ఇవ్వండి.

ఒకే టవర్ తీసుకోండి, అన్నీ ఒకేసారి వద్దు. సందులు మూయకముందు, మూశాక డక్ట్ వేగం, బ్యాగ్ ప్రెషర్ తేడా, కాలర్ శాంపిల్, ఈ మూడూ రెండేసి షిఫ్టుల్లో రాయించండి. మూశాక కూడా స్కర్ట్ చివర రిబ్బన్ బయటికే ఎగురుతూ, డక్ట్‌లో 18 మీటర్ల వేగం ఉండి, బ్యాగ్‌లు బాగుంటే, అప్పుడు మీ ఫిల్టర్ నిజంగానే చిన్నది. ఫ్యాన్ ఒక్కటే మార్చి ఊరుకోకండి. గుడ్డ వైశాల్యం కూడా పెంచాలి, చదరపు మీటర్ గుడ్డకి నిమిషానికి 1 నుంచి 1.5 ఘనపు మీటర్ల గాలి మించకుండా.